పనసచెక్కకు పూసిన రంగు

నా చిన్నప్పుడు మా వఠారంలో ఉలి పట్టిన ఆడమనిషి ఒక్కతే ఉండేది. ఆమె మా నాయనకు చెల్లెలు, నాకు మేనత్త.

బెంగళూరు అంచున, వర్తూరు చెరువుకు రెండు వీధుల ఇవతల, ఒకే వాకిలి చుట్టూ ఆరిళ్లున్న వఠారం మాది. అందులో నాలుగిళ్లలో కదిరి వైపు నుంచి కట్టుబడి పనులకు వచ్చి అక్కడే నిలిచిపోయిన తెలుగువాళ్లం ఉండేవాళ్లం. మా నాయన తాపీమేస్త్రీ. అవి తొంభైల నాటి రోజులు. బ్రూక్‌ఫీల్డ్ వైపు రాగి చేలు ఒక్కొక్కటే సైట్లుగా మారి ఇళ్లు లేస్తున్న కాలం. పొద్దున్నే నాయన సైకిలెక్కి అటు పోతే, సాయంత్రం ఒళ్లంతా సిమెంటు దుమ్ముతో తిరిగొచ్చేవాడు.

మా తాత ఊళ్లో వడ్రంగి. కొడుక్కి కర్రపని మీద మనసు నిలవక ఇటుక పట్టాడు. తాత ఊరుకోలేక తనకు తెలిసిందంతా కూతురికి నేర్పాడు. ఊళ్లో వాళ్లు నవ్వినా ఆయన పట్టించుకోలేదట. పెళ్లయిన రెండేళ్లకే మామ జబ్బుచేసి పోతే, అత్త ఒక గోనెసంచి తీసుకుని బెంగళూరులో మా ఇంటికి వచ్చింది. లోపలికి తెద్దామని మా అమ్మ ఆ సంచి ఎత్తబోయి ఎత్తలేక కింద పెట్టేయడం నాకు బాగా గుర్తు. అందులో చీరలు రెండే. తక్కినదంతా రంపాలు, బాడిస, చిత్రిక, పాత గుడ్డలో చుట్టిన ఏడు ఉలులు.

ఇన్ని పనిముట్లుండీ సైట్లలో ఆమెకు కర్రపని ఇచ్చినవాడు లేడు. మగవాళ్లు చేసిన తలుపులకు ఉప్పు కాగితం రుద్దడం, పాలిష్ పట్టడం, అంతవరకే. ఆడమనిషి బిగించిన తలుపు రేపు ఊడితే ఎవరు జవాబు చెప్తారని అక్కడి వడ్రంగులు అనేవాళ్లు. మా నాయన ఆ మాట విని కూడా ఊరికే ఉండేవాడు. చెల్లెలంటే ప్రేమ లేక కాదు. నలుగురిలో ఆమె తరఫున మాట్లాడడానికి ఆయనకు నోరు వచ్చేది కాదు. అత్త కూడా ఏమీ అడిగేది కాదు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్లు కడుక్కుని, వాకిట్లో గోనెపట్ట పరచుకుని, సైట్లో మిగిలిన తుండుముక్కలతో ఏదో ఒకటి చెక్కుతూ కూర్చునేది. మా ఇంట్లో పప్పుగుత్తి, చపాతీ కర్ర, మా అమ్మ కుంకుమ భరిణె అన్నీ ఆమె చేతివే.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు ఒక వేసవిలో, నాయన పనిచేస్తున్న సైటులో పునాదికి అడ్డమని పాత పనసచెట్టు కొట్టేశారు. అత్త మూడడుగుల మొద్దు ఒకటి అడిగి తెచ్చుకుంది. దాని రెండు చివర్లకూ పేడ పూసి, పైన గోనెలు కప్పి, స్నానాల బచ్చలింటి వెనక నీడలో పడేసింది. అట్లా చివర్లు మూసి నిదానంగా ఆరనివ్వకపోతే కర్ర పగిలిపోతుందట. ఏడాది పాటు ఆ మొద్దు నాకు పీటగానే తెలుసు. దాని మీద కూర్చుని వేరుశనక్కాయలు తినేదాన్ని. లోపల ఏముందో నాకు తెలీదు.

మా పక్కింట్లో గుంటూరు వైపు నుంచి వచ్చిన ఒక నర్సక్క ఉండేది. కె.ఆర్.పురం దగ్గర ఒక ఆసుపత్రిలో చిన్నపిల్లల వార్డులో పని. ఆదివారం పొద్దున తెల్లచీర కట్టుకుని చర్చికి పోయేది. నాకు ఇంగ్లీషు అక్షరాలు గుండ్రంగా రాయడం నేర్పింది ఆమే. ఒక సాయంత్రం ఆ అక్క మా వాకిట్లోకి వచ్చి, అత్త పక్కన చతికిలబడి కూర్చుని, చాలాసేపు ఆమె చేతులకేసి చూసింది.

"అక్కా, మా వార్డులో కాళ్లూ చేతులూ విరిగిన పిల్లలుంటారండీ," అంది. "కట్టుతో నెలల తరబడి మంచం దిగరు. తెల్లగోడలు చూసి చూసి ఏడుస్తారు. కొన్న బొమ్మలు రెండు రోజుల్లో విరిగిపోతున్నాయి. మా పెద్ద సిస్టరు గారితో మీ గురించి చెప్పాను. కర్రతో ఓ పన్నెండు బొమ్మలు చేసిస్తారా? రంగురంగులుగా ఉండాలి. ఒక్కటే భయమండీ, ఏది దొరికినా నోట్లో పెట్టేసుకుంటారు వాళ్లు."

అత్త చేతిలోని ఉలిని పక్కన పెట్టి, ఒళ్లో రాలిన చెక్కపొట్టు దులుపుకుంది. తననే వెతుక్కుంటూ వచ్చి ఒకరు పని అడగడం అదే మొదటిసారని నాకు అప్పుడు తెలీదు. ఆమె గొంతు మాత్రం ఎందుకో మారిందని గమనించాను.

"చేస్తానమ్మా," అంది. "పది దినాలు టైమియ్యి. వచ్చే ఆదివారం కాక, ఆ పై ఆదివారం నీ చేతికిస్తా."

మరునాడు ఆ మొద్దును వాకిట్లోకి దొర్లించి, మేకులాంటి ఇనుప చీల దిగ్గొట్టి అత్త దాన్ని రెండుగా చీల్చింది. నేను బడికి పోకుండా నిలబడి చూశాను. పైన నల్లగా, గరుకుగా ఉన్న ఆ మొద్దు లోపల అంత పసుపు ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు. అంచున వేలెడు మందం తెల్లగా ఉండి, నడుమంతా అప్పుడే నూరిన పసుపుకొమ్ము రంగు. ఎండ పడితే కళ్లు చెదిరేంత. నేను రెండు చేతులూ దానికి ఆనించి, అరచేతులు తిప్పి చూసుకున్నాను, రంగేమైనా అంటిందేమోనని.

నా వాలకం చూసి అత్త నవ్వింది. రంపపు పొట్టు గుప్పెడు తీసి నీళ్లలో వేసి పొయ్యి మీద పెట్టి, అందులో చిటికెడు పటిక వేసింది. తర్వాత నా జడకున్న తెల్ల రిబ్బను విప్పమంది. నేను భయపడుతూనే ఇచ్చాను. పావుగంట తర్వాత ఆ గిన్నెలోంచి పుల్లతో పైకి తీస్తే నా రిబ్బను చేమంతి రంగులో ఉంది. కర్రలోంచి రంగు తీయవచ్చని నాకు ఆ రోజు తెలిసింది. అత్త ఏదో మంత్రం వేసిన మనిషిలా కనిపించింది నాకు. వఠారంలో పిల్లలందరికీ ఆ రిబ్బను చూపించి వచ్చాను.

ఆ వారమంతా ఆమె చేతులను చూడడమే నా పని. ముందు రంపంతో అరచేయంత ముక్కలు కోసి, ఒక్కొక్క ముక్కనూ తిప్పి తిప్పి చూసేది. కర్ర ఈనెలు ఎటు పోతున్నాయో చూసుకుని, బొమ్మ కాళ్లు విరగకుండా ఉండేట్టు అటువైపే నిలబెట్టేది. గీత గీయడం, కొలత పెట్టడం ఉండదు. బాడిసతో నాలుగు దెబ్బలు వేస్తే ఒక వీపు, ఉలితో రెండుసార్లు తోస్తే ఒక మెడ. ఏనుగు, ఆవు, తాబేలు, చేప, బాతు, కుందేలు, పిల్లి, గుర్రం, ఇంకా నాలుగు పిట్టలు. బడి నుంచి రాగానే నేను ఉప్పు కాగితంతో వాటిని రుద్దేదాన్ని. ఎక్కడా పెచ్చు తగలకూడదని అత్త ప్రతి బొమ్మనూ తన పెదవి మీద, కంటిరెప్ప మీద రాసి చూసేది. వేళ్లు కాయలు కాచి ఉంటాయి కాబట్టి వాటిని నమ్మకూడదనేది.

రంగుల కోసం ఆమె చేస్తున్న ఏర్పాట్లే నాకు నచ్చలేదు. బచ్చలింటి మూలన ఒక మట్టికుండలో తుప్పు పట్టిన మేకులు, ఇనుప తుక్కు వేసి, బెల్లం నీళ్లు పోసి మూత పెట్టింది. మూత తీస్తే పులిసిన కంపు. ఇంకొక ముంతలో సున్నం కలిపి తేర్చింది. ఈ కంపు నీళ్లతో, ఈ సున్నంతో బొమ్మలకు ఏం రంగు వస్తుందని నాకు అనుమానం. ఎప్పుడు పూస్తావని అడిగితే, కుండ ఇంకా పండలేదు అనేది.

ఈలోగా ఇంకొక దిగులు పట్టుకుంది నాకు. కిటికీలో పెట్టిన బొమ్మల పసుపు రోజురోజుకూ తగ్గుతోంది. మొదట చెక్కిన ఏనుగు వీపు మీద టీ నీళ్లు ఒలికినట్టు ఒక మసక వచ్చింది. అత్తను అడిగితే, వెలుతురు తగిలితే పనస ముదురుతాదిలే అంది. నాకు మాత్రం కళ్ల ముందే ఏదో చచ్చిపోతున్నట్టు అనిపించింది. ఆదివారం నాటికి ఇవన్నీ మట్టిరంగుకు వచ్చేస్తాయని, నర్సక్క వీటిని వద్దంటుందని, అప్పుడు అత్త మళ్లీ ఉప్పు కాగితం రుద్దుకుంటూ బతకాలని లెక్క కట్టుకున్నాను. పదేళ్ల పిల్ల లెక్క అది.

శుక్రవారం అత్త పాలిష్ పనికి పోయింది. అమ్మ నీళ్లకు పోయింది. బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో నేనొక్కదాన్నే. అటక కింద నాయన దాచిన రంగుడబ్బాలు కనిపించాయి. కిటికీ కమ్మీలకు పూసే ఎనామిల్ పెయింటు, ఒకటి ఎరుపు, ఒకటి నీలం. మూత స్క్రూడ్రైవరుతో లేపాను. ఏనుగుకు ఎరుపు, ఆవుకు నీలం, చేపకు సగం ఎరుపు, సగం నీలం. కుంచె బొమ్మల మీద జారుతుంటే ఎంత సంతోషమో చెప్పలేను. తళతళా మెరుస్తున్నాయి. ఏడు బొమ్మలు పూర్తయ్యాక వాకిట్లో వరసగా నిలబెట్టి, అత్త వచ్చి ఆశ్చర్యపోతుందని గుమ్మంలో కూర్చున్నాను.

అత్త వచ్చింది. గేటు దగ్గరే ఆగిపోయింది. క్యారియరు కింద పెట్టి, బొమ్మలకేసి చూసి, నా గోళ్లకేసి చూసి, వచ్చి గోనెపట్ట మీద కూర్చుంది. ఆమె ముఖం అంత తెల్లబోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"ఏనుగును ఇట్ల తీసుకురా పాపా," అంది.

తెచ్చాను. చేతికి జిగటగా అంటుకుంది.

"నోట్లో పెట్టుకో."

వేళాకోళమనుకుని నవ్వాను. ఆమె నవ్వలేదు.

"పెట్టుకోమ్మా. ఆస్పత్రిలో ఆ బిడ్డ పెట్టుకునేదే కదా."

నేను బొమ్మను నోటి దగ్గరికి తెచ్చుకున్నాను. కిరసనాయిలు కలిసిన ఘాటు ముక్కుకు కొట్టింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. అయినా ఆమె చెప్పింది కదా అని నోరు తెరిచాను. పెదవికి తగలకముందే అత్త నా మణికట్టు పట్టేసుకుంది. అంత గట్టిగా నన్ను ఆమె ఎప్పుడూ పట్టుకోలేదు.

"సాలు," అంది. "సాలు తల్లీ. తెలిసింది గదా."

అప్పుడు ఏడ్చాను. తిట్టి ఉంటే అంత ఏడ్చేదాన్ని కాదేమో. అత్త నా వేళ్లను ఒక్కొక్కటే కొబ్బరినూనెతో తుడిచి, గోళ్ల సందుల్లో ఇరుక్కున్న ఎరుపును పుల్లతో తీసింది. ఆ పని చేస్తున్నంతసేపూ ఆమె చూపు బొమ్మల మీదే ఉంది.

కాసేపటికి నాయన వచ్చాడు. సంగతి తెలిసి నా మీద చెయ్యెత్తాడు. అత్త అడ్డం వచ్చింది.

"ఇంకేముండాది ఎల్లుండి ఇచ్చేదానికి?" అని నాయన గొంతు పెంచాడు. "ఆ నర్సమ్మకు కాదని చెప్పేయి. మనకెందుకు ఇవన్నీ? ఉండే పని చేసుకుంటే సాలదా?"

అత్త అన్నకు ఎదురు చెప్పడం నేను విన్నది అదే మొదలు.

"చెప్పనన్నా. మాట ఇచ్చింది నేను. బాగు చేసుకునేదీ నేనే. పాప మీద మాత్రం చెయ్యి ఎత్తొద్దు. అది బాగుండాలనే చేసింది. ఎవురికి బాగుండాలో తెలీక చేసింది, అంతే."

నాయన కండువా విదిలించి లోపలికి పోయాడు.

శనివారం బడి ఒంటిపూట. నేను ఇంటికొచ్చేసరికి అత్త పనికి పోకుండా వాకిట్లోనే ఉంది. సీసా పగలగొట్టిన గాజుపెంకులు ముందు పెట్టుకుని పెయింటు గీకుతోంది. రంగు కరిగించే నూనె వేసి తుడిస్తే తేలిక కదా అంటే, ఆ వాసన కర్రలోకి దిగి ఎప్పటికీ పోదని చెప్పింది. గీకవలసిందే. నాకు ఒక మొద్దుబారిన పెంకు ఇచ్చి, అంచు ఎట్లా ఆనించాలో నా చేతి మీద చెయ్యి వేసి చూపించింది. పలచటి పొరలు చుట్టలు చుట్టుకుని రాలేవి, మొదట ఎరుపు, తర్వాత ఎరుపూ పసుపూ కలిసి, చివరికి అచ్చం పసుపు. ఆ పసుపు మళ్లీ కనిపించినప్పుడల్లా నాకు ప్రాణం లేచివచ్చేది.

అన్నీ అంత సులువుగా రాలేదు. పెయింటు గీతల్లోకి, సందుల్లోకి దిగింది. గీకి గీకి ఆవు సన్నబడిపోయింది. అత్త దాన్ని తిప్పి చూసి, కాళ్లు ఇంకొంచెం సన్నం చేసి, తోక కురచ చేస్తే అది దుప్పి అయింది. ఏనుగు చెవుల వెనక ఎరుపు ఎంతకూ వదలకపోతే, చెవులు తీసేసింది. చెవులు పోయాక తొండం బాగాలేదని అదీ సగానికి కోసి గుండ్రం చేసింది. ఎలుగుబంటి వచ్చి కూర్చుంది. ఏడుస్తూ పని మొదలుపెట్టిన నేను ఎలుగుబంటిని చూసి పగలబడి నవ్వాను. అత్త కూడా నవ్వింది. పాడైన పనిలోంచి ఇంకొక పనిని అంత నిబ్బరంగా లాగగలిగిన మనుషులను తర్వాత నేను చాలా కొద్దిమందినే చూశాను.

చేప మాత్రం దక్కలేదు. పలచబడి రెండుగా విరిగింది. పదకొండు మిగిలాయి.

"పన్నెండోది నువ్వు చెయ్యి," అంది అత్త.

నాకు చెక్కడం రాదన్నాను. ఉప్పు కాగితం పట్టేదానికి వస్తాది గదా అని, ఒక ముక్కను నాలుగు మూలలూ కొట్టి నా చేతికిచ్చింది. దీపాలు పెట్టే వేళ దాకా రుద్దాను. కోడిగుడ్డంత గుడ్డు తయారైంది. ఒకవైపు కాస్త వంకర. అత్త దాన్ని తన కంటిరెప్ప మీద రాసుకుని, తక్కిన పదకొండింటి పక్కన పెట్టింది.

ఆదివారం పొద్దున నర్సక్క చర్చికి పోయింది. మధ్యాహ్నం డ్యూటీకి పోయేటప్పుడు బొమ్మలు ఆమెతో పోవాలి. మాకున్నది ఆ పూటే. అత్త మూడు గిన్నెలు ముందు పెట్టుకుంది. ఒకటి పొట్టూ పటికా మరిగించిన నీళ్లు. ఒకటి సున్నపు తేట. మూడోది ఆ కంపు కుండలోంచి గుడ్డతో వడకట్టిన నీళ్లు, చూడడానికి పాత టీ డికాషన్‌లా ఉన్నాయి. ఈతపుల్ల చివర నమిలి కుంచె చేసి నాకిచ్చింది.

"రంగంతా దాంట్లోనే ఉండాది పాపా," అంది. "మనం పిలిస్తే పలుకుతాది. పిలిచి చూడు."

నేను ఆ డికాషన్ నీళ్లలో కుంచె ముంచి పిల్లిబొమ్మ వీపు మీద ఒక చార గీశాను. మొదట తడి గీత తప్ప ఏమీ లేదు. చూస్తుండగానే ఆ గీత మసకబారి, పాచిలా ఆకుపచ్చగా అయి, అంతలోనే కాటుక నలుపుకు తిరిగింది. సున్నపు తేట పూసిన చోట పసుపు కాస్తా జేగురు రంగుకు దిగింది. పటిక నీళ్లు పూసిన చోట, వెలుతురుకు మసకబారిన పసుపు మళ్లీ చేమంతిలా విచ్చుకుంది. ఒకే చెక్క, మూడు రంగులు. ఏ డబ్బాలోనూ లేని రంగులు. ఆ ఇనుప నీళ్ల పని తాతకు కాళహస్తి వైపు గుడ్డల మీద బొమ్మలు వేసేవాళ్లు చెప్పారట. గుడ్డకు పట్టేది కర్రకు పట్టదా అని ఆయన పనస మీద పూసి చూశాడట.

దుప్పికి అత్త నల్ల చుక్కలు పెట్టింది. తాబేలు చిప్పకు జేగురు గళ్లు గీసింది. ఎలుగుబంటికి కళ్లు పెట్టేటప్పుడు ఊపిరి బిగబట్టింది. నా గుడ్డుకు నేనే మూడు రంగుల గీతలు చుట్టూ తిప్పాను, అవి ఎక్కడా కలవలేదు. అన్నింటినీ మంచినీళ్లతో కడిగి, నీడలో ఆరబెట్టి, కొబ్బరినూనెలో తేనెమైనం కరిగించి గుడ్డతో రుద్దాం. అవి పెయింటులా తళతళలాడలేదు. మాగిన పండు మీద ఉండే మెరుపు ఉంటుందే, అటువంటిది వచ్చింది.

అంతటితో పని అయిపోయిందనుకున్నాను. కానీ అత్త కాళ్లు చాపుకుని కూర్చుని, ఎలుగుబంటిని తీసి నోట్లో పెట్టుకుంది. చంటిబిడ్డలా చప్పరించింది, దవడ పళ్లతో కొరికింది, కళ్లు మూసుకుని కాసేపు ఆగింది. ఉమ్మిని తెల్లగుడ్డ మీద తుడిచి రంగు అంటిందేమో చూసింది. తర్వాత దుప్పి. తర్వాత కుందేలు. కుందేలు నాలుకకు చురుక్కుమందట, సున్నం మిగిలి ఉందని మళ్లీ కడిగించింది. బాతును కూడా అట్లాగే రెండోసారి కడిగాం. పన్నెండింటినీ ఆమె తన నోటితో చూసింది. నా వంకర గుడ్డును కూడా. తనకు ఇష్టం లేని రుచి ఒక్కటి కూడా ఎదుటి బిడ్డ నోటికి పోకూడదన్నట్టు చూసింది.

నాయన గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్నాడని మేము గమనించలేదు. ఆయన మెట్లు దిగి వచ్చి, వంగి, ఎలుగుబంటిని తీసుకున్నాడు. చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఉన్నట్టుండి నోట్లో పెట్టుకుని కొరికాడు. అంత పెద్ద మీసాల మధ్య ఆ ఎలుగుబంటి ముడ్డి బయటికి కనిపిస్తుంటే మా అమ్మ కొంగు అడ్డం పెట్టుకుంది. నాయన నవ్వలేదు. బొమ్మను తీసి తన చొక్కాతో తుడిచి, అత్త ఒళ్లో పెట్టి, లోపలికి పోయాడు. అత్త తల వంచుకుని చాలాసేపు ఆ బొమ్మనే రుద్దుతూ కూర్చుంది.

ఆ మధ్యాహ్నం నర్సక్క మమ్మల్నిద్దరినీ బస్సులో వెంట తీసుకుపోయింది. వార్డు పెద్ద సిస్టరు బొమ్మలను ఒక్కొక్కటే ముక్కు దగ్గర పెట్టి వాసన చూసింది, గోటితో గీకింది, ఇవి ఏ పెయింటని కన్నడంలో అడిగింది. పెయింటు కాదమ్మా, సున్నం, బెల్లం, మేకులు అని అత్త చెప్తే ఆమెకు అర్థం కాలేదు. చేసినామె పన్నెండింటినీ తన నోట్లో పెట్టుకుని చూసిందని నర్సక్క కన్నడంలో చెప్పింది. పెద్ద సిస్టరు అత్త వైపు ఒకసారి తేరిపార చూసి, ట్రేను మంచాల వైపు జరిపింది.

మొదటి మంచం మీద మూడేళ్ల పిల్లవాడు. రెండు కాళ్లకూ పిండికట్టు, కాళ్లు పైకి కట్టి ఉన్నాయి. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడి ఉంది. ట్రేలోంచి దుప్పిని లాక్కున్నాడు. దాన్ని చూడనైనా చూడలేదు, నేరుగా నోట్లో పెట్టుకున్నాడు. నా భుజం మీద ఉన్న అత్త చెయ్యి బిగుసుకుంది. వాడు కొరికాడు, చొంగ కార్చాడు, తీసి చూశాడు. చుక్కలు చుక్కల్లాగే ఉన్నాయి. మళ్లీ పెట్టుకున్నాడు. ఏడుపు ఆగిపోయింది. అత్త అప్పుడు ఊపిరి వదిలింది. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. నేను చేసిన గుడ్డును మూలమంచం మీద చేతికట్టున్న ఒక పాప గుప్పిట్లో పెట్టుకుంది. అది నేను చేసిందని ఎవరికీ చెప్పలేదు. చెప్పాలనిపించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు ఒక ఆలోచన వచ్చింది. శుక్రవారం నాటి ఆ ఎరుపు బొమ్మలు ఎవరి కంటా పడకుండా ఆ మంచాల దాకా పోయి ఉంటే అని. అత్త ఒడిలో ముఖం దాచుకున్నాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి ఉంచింది.

ఆ తర్వాతి వారం నాయన అత్తను తన సైకిలు వెనక ఎక్కించుకుని బ్రూక్‌ఫీల్డ్ సైటుకు తీసుకుపోయాడు. ఈ ఇంటి తలుపులు మా చెల్లెలు చేస్తాదప్పా, ఊడితే నేను జవాబు చెప్తా అన్నాడట నలుగురి ముందూ. అక్కడి వడ్రంగులు రెండు రోజులు నవ్వుకున్నారట. మూడో రోజు వాళ్లలోనే ఒకడు వచ్చి తలుపు చౌకట్టు మూలల్లో సందు లేకుండా కూసం ఎట్లా దింపావక్కా అని అడిగాడట. అత్త ఆ తర్వాత ఇరవై ఏళ్లకు పైగా కర్రపని చేసింది. ఆసుపత్రికి బొమ్మలు కూడా ఏడాదికి రెండుసార్లు చేసిచ్చేది. ఒకసారి నర్సక్క ఆ మొదటి దుప్పిని తెచ్చి చూపించింది. పసుపు పూర్తిగా పోయి తేనె రంగుకు ముదిరింది. ఒళ్లంతా పాలపళ్ల గాట్లు. ఎంతమంది పిల్లలు కొరికారో. నాకు ఈసారి దిగులు కలగలేదు. కొత్తగా చీల్చినప్పటి కంటే అప్పుడే అది అందంగా కనిపించింది.

నాకు కర్రపని అబ్బలేదు. కుట్టుపని నేర్చుకుని, ఇప్పుడు కె.ఆర్.పురంలో చిన్నపిల్లల బట్టలు కుడుతున్నాను. నా దగ్గర పని నేర్చుకునే అమ్మాయిలు చేసిన గౌన్లు దూరం నుంచి చూస్తే దుకాణంలోవాటికి ఏమీ తీసిపోవు. పూసలు, జరీ, జిగేలుమనే లేసులు. బాగుందా అక్కా అని వాళ్లు పైకెత్తి చూపిస్తే, నేను బయటివైపు చూడను. గౌను తిరగేసి, లోపలి కుట్టును నా మెడకేసి రుద్దుకుంటాను. చంకల దగ్గరి మడతను చెంపకు రాసుకుంటాను. ఎక్కడైనా గీరుకుంటే ఆ అమ్మాయిని కోప్పడను. దగ్గరికి పిలిచి, ఆమె మెడకే ఆనించి, కాసేపు అట్లా పట్టుకుంటాను. ఆ తర్వాత ఇద్దరం కలిసి కుట్లు విప్పుతాం.